పదేళ్ల గడువు జడ్జి, మళ్లీ ఆవిడనే పెట్టమంటున్న శాసనసభ్యులు: ఇది ఒప్పా తప్పా?

డాలస్ రమణ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి స్కూల్లో డిబేట్ టీమ్‌లో ఉంది. వచ్చే వారం టాపిక్ ఏంటంటే, అమెరికా ఏలుబడిలోని దీవుల్లో ఫెడరల్ జడ్జిలకు పదేళ్ల గడువు ఉండటం సరైనదేనా అని. నేను ఈ దేశం వచ్చి పద్దెనిమిదేళ్లు, ఫెడరల్ జడ్జి అంటే బతికున్నంత కాలం జడ్జే అనుకుంటున్నా ఇన్నాళ్లూ. కాదట. 2024 జూన్‌లో జూలియన్ అసాంజ్ లండన్ జైలు నుంచి విమానమెక్కి ఎక్కడో సముద్రం మధ్యలో దిగి, నేరం ఒప్పుకుని, అట్నుంచి అటే ఆస్ట్రేలియా వెళ్లిపోయాడు గుర్తుందా, ఆ సైపాన్ కోర్టులో ఆ కేసు విన్న జడ్జి రమోనా మంగ్లోనా గారిది పదేళ్ల పదవి. గడువు తీరాక అధ్యక్షుడు మళ్లీ నామినేట్ చేయాలి, సెనేట్ మళ్లీ ఒప్పుకోవాలి. అలాంటప్పుడు అక్కడి శాసనసభ్యులు "ఈవిడనే మళ్లీ పెట్టండి" అని మద్దతు పలుకుతారట. నాకు మింగుడుపడనిది అదే. చట్టాలు చేసేవాళ్లు, ఆ చట్టాల్ని కొట్టేసే జడ్జికి సిఫారసు చేయడమేంటి? పరీక్ష రాసే కుర్రాడు పేపర్లు దిద్దే మాస్టారికి ఉద్యోగం పొడిగించమని అర్జీ పెట్టినట్టు లేదూ? తెలిసినవాళ్లు చెప్పండి, అమ్మాయి ముందు పరువు పోయేలా ఉంది.

పల్నాటి పిల్లోడు:
మాస్టారి పోలిక అదిరింది అన్నా. నా ఓటు "తప్పు"కే. ఎమ్మెల్యేలు ఒక జడ్జిని మెచ్చుకున్నారంటేనే అక్కడ ఏదో తేడా ఉన్నట్టు లెక్క.

సుజాత న్యూజెర్సీ:
అంత తొందరెందుకండీ. ముందు ఆ ఊళ్ల సంగతి తెలుసుకోవాలి కదా. అక్కడివాళ్లకి సెనేటర్లు ఉన్నారా?

గువామ్ రిటర్న్:
లేరండీ, అసలు కిటుకంతా అక్కడే ఉంది. నేను గువామ్‌లో మూడేళ్లు పనిచేశా (కన్‌స్ట్రక్షన్ ప్రాజెక్టు, మిలిటరీ బేస్ బయట). సైపాన్ అక్కడికి విమానంలో గంట లోపే. కొంచెం వివరంగా రాస్తా, ఓపిగ్గా చదవండి.

మీ టెక్సాస్‌లో ఫెడరల్ జిల్లా జడ్జిని పెట్టాలంటే వైట్ హౌస్ ముందు మీ ఇద్దరు సెనేటర్ల మొహం చూస్తుంది. సెనేట్ జ్యుడిషియరీ కమిటీ వాళ్లకో కాగితం పంపుతుంది, నిజంగానే నీలం రంగు కాగితం, అందుకే బ్లూ స్లిప్ అంటారు. ఆ సెనేటర్ సంతకం చేసి తిప్పి పంపకపోతే జిల్లా జడ్జి నామినేషన్ అక్కడే కూర్చుంటుంది. చట్టంలో లేదు, వందేళ్లకు పైగా నడుస్తున్న ఆనవాయితీ. ఇప్పుడు గువామ్‌కీ, సైపాన్ ఉన్న ఉత్తర మరియానా దీవులకీ సెనేటర్ అనేవాడే లేడు. దిగువ సభ హౌస్‌లో ఒక్కో డెలిగేట్ ఉంటారు, బిల్లు తుది ఓటింగ్‌లో వాళ్లకు ఓటు లేదు. అధ్యక్ష ఎన్నికల్లో ఆ దీవుల్లో ఉండేవాళ్లకు ఓటు లేదు. అంటే జడ్జిని నామినేట్ చేసే మనిషిని వాళ్లు ఎన్నుకోలేదు, ఒప్పుకునే వందమందిలో వాళ్ల మనిషి ఒక్కడు లేడు. ఇక వాళ్ల చేతిలో మిగిలింది ఏంటి? తీర్మానం చేసి వాషింగ్టన్‌కి పంపడం, లేఖ రాయడం. పోస్టు ఖర్చు తప్ప దానికి ఏ బలమూ లేదు. రమణ గారి మాస్టారి కథలో పిల్లాడికి కనీసం హెడ్మాస్టర్ గది తలుపు తట్టే వీలుంది, వీళ్లకి స్కూలే పన్నెండు వేల కిలోమీటర్ల అవతల.

పల్నాటి పిల్లోడు:
సరే అన్నా, పాపం అనిపిస్తోంది. కానీ పాపం అనిపించినంత మాత్రాన పద్ధతి మంచిదైపోదు కదా.

నస పెట్టే నారాయణ:
ఎంతమంది ఉంటారు ఆ దీవుల్లో? ఒక జడ్జి కోసం ఇంత రభస?

గువామ్ రిటర్న్:
2020 జనాభా లెక్కల్లో ఉత్తర మరియానాలో 47,329 మంది. గువామ్‌లో లక్షా యాభై మూడు వేల చిల్లర. మరియానాకి ఒక ఫెడరల్ జడ్జి, గువామ్‌కి ఒకరు, అటు కరీబియన్‌లో వర్జిన్ ఐలాండ్స్‌కి ఇద్దరు. మొత్తం అమెరికా జిల్లా కోర్టుల్లో పదేళ్ల గడువున్న కుర్చీలు ఈ నాలుగే. ప్యూర్టో రికోలో 1966 నుంచి మిగతా రాష్ట్రాల్లాగే జీవితకాలం.

నస పెట్టే నారాయణ:
నలభై ఏడు వేలా! మా మండలంలో అంతకన్నా ఎక్కువే ఉంటారు. మాకు మున్సిఫ్ కోర్టు కూడా లేదు, సాక్ష్యానికి బస్సెక్కి పోవాలి.

ఒంగోలు వకీలు:
నారాయణ గారూ, మీ మండలం సంగతి వేరే దారంలో (థ్రెడ్‌లో) మాట్లాడుకుందాం. రమణ గారూ, అమ్మాయికి పనికొచ్చే పాయింటు ఒకటి చెప్తా. అమెరికా రాజ్యాంగం మూడో అధికరణం కింద వచ్చిన జడ్జిలకే జీవితకాలం, జీతం తగ్గించకూడదన్న రక్షణ. ఈ దీవుల కోర్టుల్ని కాంగ్రెస్ పెట్టింది నాలుగో అధికరణం కింద, అంటే "మా ఆస్తి, దాని నియమాలు మేం రాసుకుంటాం" అనే అధికారంతో. అందుకే గడువు. చట్టంలో మాట ఏంటంటే పదేళ్లు, ఆ తర్వాత వారసుడు వచ్చి బాధ్యత తీసుకునేదాకా. మధ్యలో తీసేయాలంటే అధ్యక్షుడు కారణం చూపించి తీయాలి.

ఈ "వారసుడు వచ్చేదాకా" అనే ముక్క దగ్గరే నాకు అనుమానం. పదేళ్లు నిండాక ఏమవుతుందో గువామ్‌లో ఉన్నాయన చెప్పాలి.

గువామ్ రిటర్న్:
చెప్తా. గువామ్ జడ్జి ఫ్రాన్సిస్ టైడింకో గేట్‌వుడ్ గారిని 2006లో బుష్ వేశాడు. 2016లో పదేళ్లు నిండాయి. ఆవిడ అలాగే ఏళ్ల తరబడి అదే కుర్చీలో కూర్చుని కేసులు విన్నారు. సైపాన్‌లో మంగ్లోనా గారు 2011లో ఒబామా టైములో వచ్చారు, 2021లో పదేళ్లు నిండాక ఆవిడా ఆగలేదు, పని చేస్తూనే వచ్చారు. వర్జిన్ ఐలాండ్స్‌లో కర్టిస్ గోమెజ్ 2005లో వచ్చి 2020 దాకా ఉన్నాడు. వాషింగ్టన్‌కి ఈ నాలుగు కుర్చీలు ఎప్పుడో తీరిక దొరికినప్పుడు గుర్తొస్తాయి, అంతే.

సుజాత న్యూజెర్సీ:
అంటే అద్దె అగ్రిమెంటు అయిపోయాక ఇంటి ఓనరు ఏమీ అనకపోతే అదే ఇంట్లో ఉండిపోయినట్టు.

ఒంగోలు వకీలు:
సరిగ్గా అంతే తల్లీ. ఓనరు ఏ రోజు వచ్చి "వేరేవాళ్లకిచ్చా, ఖాళీ చెయ్" అన్నా చేయాలి, కారణం చెప్పక్కర్లేదు, ఇంకొకర్ని నామినేట్ చేసి సెనేట్‌తో అవుననిపిస్తే చాలు. అది పదేళ్ల గడువు కన్నా ఘోరం. పదేళ్లంటే కనీసం పదేళ్లు నిశ్చింత. ఆ తర్వాత రోజుకో గండం. కేంద్ర ప్రభుత్వమే ప్రతివాదిగా ఉన్న కేసులు ఆ కోర్టుకే వస్తాయి. ఈ స్థితిలో కూర్చున్న జడ్జికి, కేంద్రానికి వ్యతిరేకంగా తీర్పిస్తే ఏమవుతుందో అనే ఆలోచన రాకూడదు, వచ్చిందో లేదో ఎవరూ నిరూపించలేరు కూడా. అందుకని శాసనసభ్యులు "త్వరగా రెనామినేట్ చేయండి" అని అడగడంలో మనిషిని సమర్థించడం ఒక్కటే చూడొద్దు, ఆ అనిశ్చితిని తెంచమని అడగడం కూడా ఉంది.

పల్నాటి పిల్లోడు:
వకీలు గారూ, బాగా చెప్పారు గానీ నా అనుమానం ఇటువైపు. కేంద్రానికి భయపడకూడదు, ఒప్పుకున్నా. మరి స్థానిక నాయకులకి భయపడొచ్చా? పదేళ్లయ్యేటప్పటికి వాళ్ల లేఖ కావాలి కాబట్టి తొమ్మిదో ఏట వాళ్ల చట్టం మీద కేసొస్తే ఏం చేస్తుంది? మెల్లగా పక్కన పెడుతుంది. మన ఊళ్లో చూడట్లేదా, ఎక్స్‌టెన్షన్ కోసం చూసే ఆఫీసరు ఎలా ఉంటాడో. రిటైర్ అయ్యే ఏడాది మా ఊరి ఆఫీసరొకాయన ఎమ్మెల్యే పీఏకి ఎదురెళ్లి గొడుగు పట్టడం నా కళ్లతో చూశా, వానాకాలం కూడా కాదు.

సుజాత న్యూజెర్సీ:
గొడుగు 😂

గువామ్ రిటర్న్:
తమ్ముడూ, నీ అనుమానం న్యాయమైనదే. కానీ ఈవిడ రికార్డు చూడు, అంతా బహిరంగమే. మరియానా రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది, అక్కడ భూమి ఆ దీవుల మూలవాసుల సంతతే కొనాలి, బయటివాళ్లు లీజుకే. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం లాంటిది అనుకోండి, అచ్చం అదే కాదు గానీ దాని వెనక భయం ఒకటే, భూమి పోతే మనం పోయినట్టే అని. ఆ నిబంధనను మార్చాలంటే జరిగే ఓటింగ్‌లో కూడా ఆ సంతతి వాళ్లే ఓటేయాలని చట్టం చేశారు. 2014లో మంగ్లోనా గారు దాన్ని కొట్టేశారు, ఓటు హక్కుకి పుట్టుక చూడకూడదు అని. 2016లో పైకోర్టు, అంటే తొమ్మిదో సర్క్యూట్, ఆవిడ తీర్పునే నిలబెట్టింది. ఇందులో అసలు విషయం ఏంటంటే ఆవిడ కూడా ఆ దీవుల ఆడపడుచే, అక్కడి మూలవాసులైన చమోరో జాతి మనిషి. సొంత జనం గుండెల్లో పెట్టుకున్న చట్టాన్ని సొంత మనిషే కొట్టేసింది.

అక్కడితో అయిపోలేదు. 2016 మార్చిలో చేతి తుపాకుల మీద దీవుల్లో దశాబ్దాలుగా ఉన్న నిషేధం రాజ్యాంగ విరుద్ధం అన్నారు. వెంటనే శాసనసభ ఏం చేసింది? నిషేధం కుదరకపోతే పన్ను వేద్దాం అని ఒక్కో పిస్టల్ మీద వెయ్యి డాలర్లు పన్ను పెట్టింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఆవిడ దాన్నీ కొట్టేశారు. ఒకే ఏడాదిలో రెండు దెబ్బలు. గొడుగు పట్టే మనిషైతే ఆరు నెలల్లో రెండుసార్లు అసెంబ్లీని తడపదు కదా.

పల్నాటి పిల్లోడు:
ఆ తుపాకుల తీర్పు నాకు నచ్చలేదు అన్నా, 47 వేల మంది ఉన్న దీవిలో పిస్టళ్లెందుకు. కానీ నువ్వు చెప్పిన పాయింటు అర్థమైంది. తడపడం మాట బాగుంది, ఒప్పుకుంటున్నా.

నస పెట్టే నారాయణ:
మరి డబ్బున్నోళ్ల మీద కూడా అంతే గట్టిగా ఉంటుందా ఆవిడ? అసెంబ్లీని కొట్టడం తేలిక.

గువామ్ రిటర్న్:
నారాయణ గారూ, సైపాన్‌లో ఒక పెద్ద కాసినో కట్టడం మొదలుపెట్టారు, హాంకాంగ్ పెట్టుబడి, ఇంపీరియల్ పసిఫిక్ అని. ఆ కట్టడంలో పనిచేసిన చైనా కూలీలు ఏడుగురు తమతో బలవంతపు చాకిరీ చేయించారని కేసు వేశారు. 2021లో ఆవిడ వాళ్లకి 50 లక్షల డాలర్లకు పైగా ఇవ్వమని తీర్పిచ్చారు. సైపాన్‌లో ఆ భవనం పక్క నుంచి టాక్సీలో పోయా ఒకసారి. బంగారు రంగు ముఖద్వారం, పైన సగం కట్టి వదిలేసిన ఇనుప చువ్వలు, కింద గోడ మీద ఉప్పుగాలికి తుప్పు కారి చారలు. మా టాక్సీ అతను ఫిలిప్పీన్స్ మనిషి, వేలు చూపించి ఏమీ అనలేదు, నిట్టూర్చాడంతే. కన్‌స్ట్రక్షన్‌లో బతికేవాణ్ని, జీతం రాని సైటు ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేనూ ఒకచోట మూడు నెలలు అలా ఉన్నా. అందుకే ఆ కేసు మర్చిపోను.

డాలస్ రమణ:
అబ్బో, దారం పెట్టి ఆఫీసుకెళ్లి వచ్చేసరికి ఇంత జరిగిందా. అందరికీ థాంక్స్. అమ్మాయి ఒక ప్రశ్న అడుగుతోంది. గడువు తీరిన జడ్జి ఇచ్చిన తీర్పులు చెల్లుతాయా? రేపు అసాంజ్ లాంటి కేసులో ఎవరైనా "ఆ జడ్జికి టైమ్ అయిపోయింది, తీర్పు చెల్లదు" అంటే?

ఒంగోలు వకీలు:
చెల్లుతాయి. వారసుడు వచ్చేదాకా పదవిలో ఉంటారని చట్టమే అంటోంది కాబట్టి ఆ కుర్చీ పూర్తి అధికారంతోనే ఉంటుంది.

నస పెట్టే నారాయణ:
అయితే ఇంకేం. పని అదే, అధికారం అదే, గౌనూ అదే. జీవితకాలమైతే ఏంటి, పదేళ్లైతే ఏంటి. ఊరికే పేరు తేడా. వాళ్లూ వీళ్లూ ఒకే జడ్జిలు.

ఒంగోలు వకీలు:
నారాయణ గారూ, ఆ ఒక్క మాట అనకండి, సుప్రీంకోర్టే కాదంది. 2003లో నుయెన్ కేసు. గువామ్‌లో మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడ్డవాళ్లు తొమ్మిదో సర్క్యూట్‌కి అప్పీలు వెళ్లారు. అక్కడ ముగ్గురు జడ్జిల బెంచి. ఇద్దరు జీవితకాలం వాళ్లు, మూడో ఆయన అతిథిగా వచ్చిన అప్పటి మరియానా ప్రధాన జడ్జి అలెక్స్ మన్సన్, 1988 నుంచి 2010 దాకా ఆ కుర్చీలో ఉన్నాయన. ముగ్గురూ ఏకగ్రీవంగా శిక్ష ఖాయం చేశారు. అప్పట్లో ఎవరూ నోరెత్తలేదు. తీరా సుప్రీంకోర్టుకి వెళ్లాక "ఆయన మూడో అధికరణం జడ్జి కాదు, ఆ బెంచిలో కూర్చునే అర్హతే లేదు" అని 5-4తో ఆ తీర్పుని పక్కన పెట్టారు. మిగిలిన ఇద్దరి ఓటు సరిపోతుంది కదా అంటే అదీ కుదరదన్నారు. అంటే చూడండి, దీవుల్లో మనిషిని ఏళ్ల తరబడి జైలుకి పంపగలిగే జడ్జి, ఒడ్డు మీదకొచ్చి అదే పని చేస్తే పనికిరాడు. మా బార్ రూములో ఇది చెప్తే మా సీనియర్ ఒకాయన టీ గ్లాసు కింద పెట్టి "అయితే ఆ దీవుల్లో ముద్దాయి రెండో రకం ముద్దాయా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

నస పెట్టే నారాయణ:
సరే ఓడాను. సీనియర్ గారి ప్రశ్న బాగుంది. కానీ మళ్లీ అదే అడుగుతా, అయితే జీవితకాలం ఇచ్చేయొచ్చుగా, ఈ లేఖలెందుకు?

గువామ్ రిటర్న్:
దానికి చట్టం మార్చాలి. చట్టం మార్చాలంటే కాంగ్రెస్‌లో ఓటుండాలి. ఓటుంటే ఈ దారమే ఉండేది కాదు.

సుజాత న్యూజెర్సీ:
నాకు ఇంకో వైపు కనిపిస్తోందండీ, అందరూ మంగ్లోనా గారిని ఆకాశానికెత్తుతున్నారు కాబట్టి చెప్తున్నా. చిన్న ఊరు కదా, అందరికీ అందరూ తెలుసు. ఆవిడ ఇంతకుముందు అక్కడే అటార్నీ జనరల్, తర్వాత స్థానిక కోర్టులో జడ్జి. వాళ్లాయన జాన్ మంగ్లోనా మరియానా సుప్రీంకోర్టులో జడ్జి. ఆవిడ తప్పు చేశారని అనట్లేదు. కానీ అలాంటి చోట ఒక శాసనసభ్యుడు "నేను మద్దతివ్వను" అనగలడా? రేపు పెళ్లిలో ఎదురుపడాలి. కాబట్టి ఆ మద్దతు ఎంత ఏకగ్రీవంగా ఉంటే నాకు అంత అనుమానం.

గువామ్ రిటర్న్:
సుజాత గారూ, మంచి మాట పట్టుకున్నారు. గువామ్‌లో మా సైటు ఆఫీసులో ఒక చమోరో పెద్దావిడ ఉండేది, అకౌంట్స్ చూసేది. ఒకసారి జ్యూరీ డ్యూటీకి పిలిచారు, మధ్యాహ్నానికే తిరిగొచ్చేసింది. ఏంటి ఇంత త్వరగా అంటే, ముద్దాయి ఎవరికైనా తెలుసా అని అడిగారట, ఆవిడ చెయ్యెత్తింది, మేనత్త మనవడు. ఇటు చూస్తే ఆ వరుసలో సగం చేతులు లేచి ఉన్నాయట! చెప్తూ పొట్ట పట్టుకుని నవ్వింది. కాబట్టి మీరన్న మొహమాటం నిజం. కానీ దానికి మందు బయటి జడ్జిని దింపడమా? దశాబ్దాల పాటు అదే జరిగింది, ఎక్కడినుంచో వచ్చినవాళ్లే ఆ బెంచి మీద. సొంత ఊరి మనిషి సైపాన్ ఫెడరల్ బెంచి ఎక్కింది 2011లోనే. మద్దతులో సగం అభిమానం ఉంది, కాదనను. గువామ్‌లోనూ అంతే. టైడింకో గేట్‌వుడ్ గారు 2015 జూన్‌లో స్వలింగ వివాహాల నిషేధం కొట్టేసినప్పుడు, అమెరికా సుప్రీంకోర్టు కన్నా మూడు వారాల ముందే, దీవిలో ఎక్కువమంది కాథలిక్కులే, చర్చిలో గొణిగినవాళ్లే తర్వాత "మా ఫ్రాన్సిస్" అనడం విన్నా.

పల్నాటి పిల్లోడు:
మన దగ్గర ఇలాంటివి కుదరవు కదా వకీలు గారూ? అసెంబ్లీ ఒక జడ్జికి మద్దతుగా తీర్మానం చేస్తే?

ఒంగోలు వకీలు:
మన రాజ్యాంగం 211వ అధికరణం ప్రకారం హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జిల విధి నిర్వహణ గురించి అసెంబ్లీలో చర్చే కూడదు. పొగడటమైనా తిట్టడమైనా. ఆ గోడ మన దగ్గర గట్టిగా కట్టారు. పైగా మనకి కొలీజియం, జడ్జిలే జడ్జిల్ని ఎంచుకునే పద్ధతి. మనకి దగ్గరగా ఉండేది అడిషనల్ జడ్జి పదవి, 224వ అధికరణం, రెండేళ్లకు మించకుండా వేస్తారు, తర్వాత పర్మనెంట్ చేయాలి. ఆ రెండేళ్లు వాళ్ల మొహాల్లో టెన్షన్ మాకు బెంచి కింద నుంచే కనిపిస్తుంది. ఎమ్మెల్యేలు లేఖలు రాయరు గానీ లాయర్లం ఊరుకుంటామా, 2022 నవంబర్‌లో అభిషేక్ రెడ్డి గారిని తెలంగాణ హైకోర్టు నుంచి పాట్నా బదిలీ అన్నప్పుడు అక్కడి లాయర్లు కోర్టులు బహిష్కరించారు. మా బార్‌లో కూడా వేరే సందర్భంలో ఒక జడ్జి గారిని ఇక్కడే ఉంచమని కాగితం తిప్పారు. నా దగ్గరికి వచ్చింది, పెన్ను తీశా. సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది, ఆయన ముందు సోమవారం నాకు రెండు బెయిల్ పిటిషన్లు ఉన్నాయి. సంతకం పెడితే ఒక రకం, పెట్టకపోతే ఇంకో రకం. కాఫీ తాగొస్తానని బయటికెళ్లి మళ్లీ రాలేదు. రమణ గారు మొదట అడిగిన మాస్టారి ప్రశ్న నన్ను అడిగితే నేను చెప్పేది ఇదే, జడ్జి గారి సంగతి అటుంచి, ఆ కాగితం మీద సంతకం పెట్టేవాడు ఏమవుతాడో అది చూడాలి.

నస పెట్టే నారాయణ:
బెయిల్ వచ్చిందా?

ఒంగోలు వకీలు:
ఒకటి వచ్చింది.

సుజాత న్యూజెర్సీ:
వకీలు గారి కాఫీ కథ తర్వాత నా అనుమానం పెరిగింది, తగ్గలేదు. కానీ ఒకటి, సైపాన్ వాళ్ల మద్దతు బహిరంగం. ఎవరు ఏమన్నారో అందరికీ తెలుస్తుంది, పేపర్లో వస్తుంది. చీకట్లో ఫోన్ చేసి చెప్పించుకోవడం కన్నా అది నయం. టెక్సాస్ సెనేటర్ బ్లూ స్లిప్ ఎందుకు ఆపాడో ఎవరికైనా కారణం చెప్తాడా?

గువామ్ రిటర్న్:
చెప్పక్కర్లేదు. అదే నేను అనేది. మన సెనేటర్ చేస్తే ఆనవాయితీ, వాళ్ల శాసనసభ్యుడు చేస్తే పైరవీ.

పల్నాటి పిల్లోడు:
సరే నేను సగం మారాను. మద్దతు తప్పు కాదు, కానీ పదేళ్లు నిండకముందే, ఏడాది ముందు అడగాలి. నిండాక అడిగితే అప్పటికే ఆవిడ గండంలో ఉంటుంది, గండంలో ఉన్న మనిషికి చేసిన సాయం అప్పు కింద లెక్క. మిగతా సగం తుపాకుల దగ్గరే ఆగింది.

డాలస్ రమణ:
ఇదంతా ప్రింట్ తీసి రాత్రి భోజనాల దగ్గర అమ్మాయికి వినిపించా. నుయెన్ కేసు దగ్గర కళ్లు పెద్దవి చేసింది, గొడుగు దగ్గర నవ్వింది, వకీలు గారి కాఫీ కథ ఇంగ్లిష్‌లో చెప్పలేక నేనే తిప్పలు పడ్డా. అంతా విని "నాన్నా, సూపర్, కానీ నిన్న చీటీలు తీశారు, నాకు వచ్చింది పదేళ్ల గడువే మంచిది అనే పక్షం" అంది.

పల్నాటి పిల్లోడు:
😂😂 అన్నా!

ఒంగోలు వకీలు:
దానికేం రమణ గారూ, మాకు అలవాటే. రేపు కోర్టు అయ్యాక ఆ పక్షం కూడా రాసి పెడతా. మొదటి పాయింటు సుజాత గారు ఇచ్చేశారు.